విసిరే చెయ్యి - బలం ఎక్కడిది?



మామిడి చెట్టు మీద కాయ ఉంది. చేతికి అందదు. మీరు ఒక రాయి తీసుకుంటారు. ఒక కాలు ముందుకు వేస్తారు. నడుము తిప్పుతారు. రాయి విసురుతారు. కాయ రాలుతుంది.

ఇప్పుడు పీట మీద కూర్చోండి. కాళ్ళు కదపకండి. నడుము తిప్పకండి. అదే రాయి విసరండి. రాయి దగ్గరలోనే పడుతుంది. చెయ్యి అదే. రాయి అదే. మరి బలం ఎక్కడ పోయింది?

ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

ఈ పాఠం మనకెందుకు?

మన హత్నూర చుట్టుపక్కల ఊళ్ళలో ఆడపిల్లలు బడికి పోతున్నారు. బడిలో చదువుతో పాటు ఆటలు ఉన్నాయి. కబడ్డీ, ఖోఖో మనకు తెలుసు. క్రికెట్ తెలుసు. ఇప్పుడు బడి పిల్లల పోటీలలో సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ కూడా ఉన్నాయి. ఇవి బంతిని విసిరి, కట్టెతో కొట్టే ఆటలు.

ఒకరోజు ఆటల సారు ఇంటికి కబురు పెడతాడు. "మీ బిడ్డ మంచిగ విసురుతది. పోటీలకు పంపుండ్రి" అంటాడు.

తల్లికి సంతోషమే. కాని మనసులో భయం కూడా ఉంటుంది. "చెయ్యి బెణికితే ఎట్ల? భుజం పోతే రేపు పని ఎట్ల చేసుకుంటది?" అనుకుంటుంది.

ఆ భయం ఉత్తదేం కాదు. తప్పుగా ఆడితే చెయ్యి చెడుతుంది. సరిగా ఆడితే చెయ్యి గట్టిపడుతుంది. తేడా ఎక్కడుందో తల్లికి తెలిస్తే, ఆమె బిడ్డను ఆపక్కర లేదు. కాపాడుకుంటే చాలు.

బేస్‌బాల్ అంటే ఏమిటి?

బేస్‌బాల్ అమెరికాలో పెద్ద ఆట. జపాన్‌లో కూడా పెద్ద ఆట. మన దగ్గర క్రికెట్ ఎట్లనో, అక్కడ ఇది అట్ల.

బంతి విసిరే మనిషిని పిచ్చర్ అంటారు. కొట్టే మనిషి ఎదురుగా నిలబడతాడు. ఇద్దరి మధ్య దూరం సుమారు 18 మీటర్లు. బంతి బరువు సుమారు 145 గ్రాములు. అంటే అరపావు కన్నా కొంచెం ఎక్కువ.

క్రికెట్‌లో బౌలింగ్ చేసేటప్పుడు బంతి వదిలే ముందు మోచేతిని చాచకూడదు. బేస్‌బాల్‌లో ఆ నియమం లేదు. మోచెయ్యి వంచి, మామిడికాయకు రాయి విసిరినట్టే విసరవచ్చు. సాఫ్ట్‌బాల్‌లో పిచ్చర్ చేతిని కింది నుంచి తిప్పి విసరాలి. కాని మైదానంలో ఉన్న మిగతావాళ్ళు పై నుంచే విసురుతారు.

పెద్ద పిచ్చర్లు గంటకు 145 కిలోమీటర్ల వేగంతో విసురుతారు. సంగారెడ్డి దారిలో బస్సు గంటకు 60 కిలోమీటర్లు పోతుందనుకోండి. ఆ బంతి దానికి రెండింతల కన్నా ఎక్కువ వేగం. కొట్టేవాడి దగ్గరికి పోవడానికి అర సెకను కూడా పట్టదు. రెప్ప కొట్టి చూసేలోపు బంతి వచ్చేస్తుంది.

2010లో అరోల్డిస్ చాప్‌మన్ అనే ఆటగాడు గంటకు 170 కిలోమీటర్ల వేగంతో విసిరాడు.

బలం కాలి నుంచి మొదలు

ఇంత వేగం ఒక్క చేతి నుంచి రాదు. అది కాలి దగ్గర మొదలవుతుంది.

ఎడ్లను తోలే చెర్నకోల మీరు చూశారు. పిడి పట్టిన చెయ్యి కొంచెమే కదులుతుంది. ఆ కదలిక తాడులోకి పోతుంది. తాడు కొసకు పోయేసరికి "ఛట్" మంటుంది. మన ఒళ్ళు కూడా అట్లనే. పాదం చెర్నకోల పిడి. వేళ్ళు చెర్నకోల కొస.

విసిరేటప్పుడు ఒళ్ళు ఈ వరుసలో కదులుతుంది:

1. వెనక కాలు నేలను తన్నుతుంది.
2. ముందు కాలు గట్టిగా నేల మీద పడుతుంది.
3. నడుము తిరుగుతుంది.
4. రొమ్ము, భుజం తిరుగుతాయి.
5. మోచెయ్యి ముందుకు వస్తుంది.
6. చివరికి మణికట్టు, వేళ్ళు బంతిని వదులుతాయి.

ఈ వరుస తప్పితే బలం మధ్యలోనే పోతుంది. నడుము తిరగక ముందే చెయ్యి విసిరితే, చేతి మీదనే భారమంతా పడుతుంది. అప్పుడు బంతికి వేగం రాదు. భుజానికి నొప్పి వస్తుంది.

మీ పనులలో కూడా ఈ సంగతి ఉంది. బండ మీద బట్టలు ఉతికేటప్పుడు చూడండి. చేతులతోనే కొడితే కాసేపట్లో రెక్కలు పడిపోతాయి. నడుము నుంచి ఎత్తి కొడితే ఎక్కువసేపు కొట్టగలరు. వరికట్ట కొట్టడం అంతే. గొడ్డలితో కట్టె కొట్టడం అంతే. బావిలో చేద తోడడం అంతే. మన అవ్వలు జొన్న చేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను తోలేవారు. వడిసెల రాయి చేతి బలం మీద పోదు. తిప్పిన తిప్పు మీద పోతుంది.

కాబట్టి ఈ విద్య మనకు కొత్తది కాదు. పేరే కొత్తది.

చేతికి బ్రేకు కూడా కావాలి

బంతి చేతి నుంచి వెళ్ళిపోయింది. పని అయిపోయిందా? కాలేదు.

పెద్ద పిచ్చర్ విసిరేటప్పుడు భుజం ఎంత వేగంగా తిరుగుతుందో తెలుసా? అదే వేగంతో తిరుగుతూ పోతే ఒక సెకనులో దాదాపు 20 చుట్లు తిరుగుతుంది. మనిషి ఒంట్లో ఇంత వేగమైన కదలిక మరొకటి లేదంటారు. అంత వేగంగా పోయే చేతిని వెంటనే ఆపాలి. ఆపే పని భుజం వెనక ఉన్న కండరాలది.

సైకిలుకు పెడలు ఉంటే చాలదు. బ్రేకు కూడా ఉండాలి. చాలామంది పిల్లలు పెడలు బలం పెంచుకుంటారు. బ్రేకు సంగతి మరిచిపోతారు. భుజాలు అందుకే చెడతాయి.

విసిరే వాళ్ళ ముచ్చట్లు

అరుంధతి రెడ్డి మన హైదరాబాదు అమ్మాయి. 1997లో పుట్టింది. ఫాస్ట్ బౌలర్. 2018లో భారత జట్టు తరఫున మొదటిసారి ఆడింది. 2024 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒక్క ఆటలోనే 4 వికెట్లు తీసింది. 2025 నవంబరు 2న మన ఆడవాళ్ళ జట్టు ప్రపంచ కప్పు గెలిచింది. ఆ జట్టుకు ఎంపికైన వాళ్ళలో అరుంధతి ఉంది. కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన శ్రీచరణి కూడా ఉంది. శ్రీచరణి బంతిని తిప్పి వేస్తుంది.

మహమ్మద్ సిరాజ్‌ది కూడా హైదరాబాదే. తండ్రి ఆటో నడిపేవాడు. సిరాజ్ మొదట టెన్నిస్ బంతితో ఆడాడు. 2025లో ఇంగ్లండులో 5 టెస్టులు ఆడాడు. 185 ఓవర్లకు పైగా వేశాడు. ఓవరుకు 6 బంతులు. 185ను 6తో గుణించి చూడండి. 1110 వస్తుంది. అన్ని బంతులు వేసి, చివరి ఆట చివరి రోజున కూడా వేగం తగ్గనివ్వలేదు. మన జట్టు 6 పరుగులతో ఆ ఆట గెలిచింది. అంత బలం ఒక్క ఏడాదిలో రాలేదు. ఏళ్ళ తరబడి కూడబెట్టింది.

ఇక బేస్‌బాల్ ముచ్చట. 2008లో అమెరికా నుంచి వచ్చిన వాళ్ళు మన దేశంలో ఒక పోటీ పెట్టారు. ఎవరు వేగంగా, గురిగా విసురుతారో చూశారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు యువకులు ఎంపికయ్యారు. వాళ్ళు అంతకు ముందు బేస్‌బాల్ ఆడినవాళ్ళు కాదు. ఈటె విసిరేవాళ్ళు. ఈటె విసిరిన చెయ్యికి, కాలికి ఆ వరుస ముందే తెలుసు. అదే ఏడాది నవంబరులో అమెరికాలోని పిట్స్‌బర్గ్ జట్టు ఇద్దరినీ తీసుకుంది. రింకూ చాలా ఏళ్ళు ఆడాడు. కాని తరువాత చేతి గాయం వల్ల కొన్నేళ్ళ ఆట పోగొట్టుకున్నాడు.

చివరగా ఒక ఆడపిల్ల ముచ్చట. పేరు మోనే డేవిస్. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం. 2014లో ఆమెకు 13 ఏళ్ళు. పిల్లల బేస్‌బాల్ ప్రపంచ పోటీలలో మగపిల్లలకు ఎదురుగా విసిరింది. గంటకు సుమారు 113 కిలోమీటర్ల వేగం. ఎదుటి జట్టుకు ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా ఆట గెలిపించింది. ఆ పోటీలలో పిచ్చర్‌గా ఆట గెలిచిన మొదటి ఆడపిల్ల ఆమే.

బలం పెంచే కసరత్తులు

వీటికి డబ్బు అక్కర లేదు. వాకిలి చాలు. వారానికి 3 రోజులు చేయాలి. రోజు విడిచి రోజు చేస్తే మంచిది. ముందు 5 నిమిషాలు మెల్లగా పరుగెత్తాలి. చలి ఒంటితో కసరత్తు చేయరాదు.

*ఒకటి: గుంజీలు.* బడిలో శిక్షగా తీయించేవారు. ఇప్పుడు బలం కోసం తీయాలి. 10 తీసి ఆగాలి. మళ్ళీ 10 తీయాలి. ఇవి తొడలకు బలం.

*రెండు: ఒంటికాలి మీద నిలబడడం.* ఒక్కో కాలి మీద 30 సెకన్లు. పిచ్చర్ ఒక కాలు ఎత్తి విసరాలి. అప్పుడు తూలకూడదు.

*మూడు: బల్ల.* బోర్లా పడుకోవాలి. మోచేతుల మీద, కాలివేళ్ళ మీద ఒళ్ళు లేపాలి. ఒళ్ళు బల్లలాగా తిన్నగా ఉండాలి. నడుము జారవద్దు. మొదట 15 సెకన్లు. తరువాత 30 సెకన్లు. ఇది నడుముకు, పొట్టకు బలం.

*నాలుగు: దండీలు.* మొదటి నెల గోడకు చేతులు ఆనించి తీయాలి. రెండో నెల అరుగుకు ఆనించి తీయాలి. ఆ తరువాతనే నేల మీద. 8 చొప్పున రెండుసార్లు.

*ఐదు: సైకిలు ట్యూబు.* ఇది భుజానికి బ్రేకు. పాత ట్యూబును కోసి, కిటికీ ఊచకు గట్టిగా కట్టాలి. కిటికీకి పక్కగా నిలబడాలి. కిటికీకి దూరంగా ఉన్న చేతితో ట్యూబు పట్టుకోవాలి. మోచెయ్యి పక్కటెముకకు ఆనాలి. మధ్యలో మడిచిన తువ్వాలు పెట్టుకోవాలి. మోచెయ్యి కదలకుండా, తలుపు తెరిచినట్టు ముంజేతిని బయటికి లాగాలి. మెల్లగా వెనక్కి తేవాలి. 12 చొప్పున రెండుసార్లు. రెండు చేతులకూ చేయాలి. ట్యూబు పగిలి ఉందేమో రోజూ చూసుకోవాలి.

*ఆరు: ఇసుక మూట.* పాత గుడ్డ సంచిలో 1 కిలో ఇసుక పోసి కుట్టాలి. గోడకు పక్కగా, నాలుగు అడుగుల దూరంలో నిలబడాలి. మూటను రెండు చేతులతో నడుము దగ్గర పట్టుకోవాలి. కాలు తన్ని, నడుము తిప్పి గోడకేసి విసరాలి. ఒక్కో పక్క 8 సార్లు.

జర ఆగండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మూటను *రెండు చేతులతోనే* విసరాలి. బరువు రాళ్ళు, బరువు బంతులు ఒంటిచేత్తో విసిరితే వేగం తొందరగా పెరుగుతుందని కొందరు చెబుతారు. పెరుగుతుంది, నిజమే. కాని 2018లో అమెరికాలో ఒక పరిశోధన బయటికి వచ్చింది. హైస్కూలు పిల్లలకు 6 వారాలు బరువు బంతులు ఇచ్చి చూశారు. వేగం నూటికి 3 పాళ్ళే పెరిగింది. కాని దాదాపు నలుగురిలో ఒకరి చేతికి గాయమైంది. మూడు పాళ్ళ వేగం కోసం చెయ్యి పోగొట్టుకుందామా? మీరే ఆలోచించండి.

విసరడం ఎట్ల పెంచాలి?

మొదటి వారం 10 మీటర్ల దూరం విసరాలి. అంటే పెద్దవాళ్ళ అడుగులు సుమారు 14. సగం బలంతో విసరాలి. 20 సార్లు చాలు.

రెండో వారం 15 మీటర్లు. మూడో వారం 20 మీటర్లు. దూరం పెంచిన వారం, ఎన్నిసార్లు అనేది పెంచవద్దు. ఎన్నిసార్లు అనేది పెంచిన వారం, దూరం పెంచవద్దు. రెండూ ఒకేసారి పెంచితే ఒళ్ళు తట్టుకోదు.

నాలుగు వారాలు ఇట్ల ఆడిన తరువాతనే పూర్తి బలంతో విసరాలి.

వేగం కొలిచే యంత్రం మన దగ్గర లేదు. ఫరవాలేదు. నెలకు ఒకసారి ఎంత దూరం పడిందో కొలవండి. అదే బంతి, అదే చోటు ఉండాలి. దూరం పెరిగితే వేగం కూడా పెరిగినట్టే.

తల్లి చేతిలో పుస్తకం

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. బిడ్డ ఆటలో మునిగి ఉంటుంది. ఎన్నిసార్లు విసిరిందో లెక్క పెట్టుకోదు. ఆటల సారుకు చాలామంది పిల్లలు. అందరి లెక్క ఆయనకు గుర్తుండదు. మరి లెక్క ఎవరు రాయాలి?

మీరే. మీకు అంకెలు వచ్చు. గీతలు గీసి లెక్క పెట్టడం అంతకు ముందే వచ్చు.

2014లో అమెరికా బేస్‌బాల్ సంఘాలు డాక్టర్లతో కూర్చుని పిల్లల కోసం ఒక లెక్క తయారు చేశాయి. ఆటలో పిచ్చర్ ఒక రోజు ఇంతకు మించి విసరకూడదు:

9, 10 ఏళ్ళ పిల్లలు - 75 సార్లు
11, 12 ఏళ్ళ పిల్లలు - 85 సార్లు
13, 14 ఏళ్ళ పిల్లలు - 95 సార్లు

ఇది గరిష్ఠం. అంటే దాటకూడని గీత. అంతవరకు విసరాలని కాదు. కొత్తగా నేర్చుకునే బిడ్డకు ఇందులో సగం కూడా ఎక్కువే.

విసిరిన తరువాత విశ్రాంతి కావాలి. 14 ఏళ్ళ లోపు పిల్లలకు లెక్క ఇది:

1 నుంచి 20 సార్లు - విశ్రాంతి రోజు అక్కర లేదు
21 నుంచి 35 సార్లు - 1 రోజు
36 నుంచి 50 సార్లు - 2 రోజులు
51 నుంచి 65 సార్లు - 3 రోజులు
66, ఆ పైన - 4 రోజులు

ఒక ఉదాహరణ చూద్దాం. సోమవారం బిడ్డ మొదట 12 సార్లు విసిరింది. నీళ్ళు తాగి మళ్ళీ 15 సార్లు విసిరింది. చివరికి 13 సార్లు విసిరింది.

12 + 15 + 13 = 40

40 అనేది 36కు, 50కి మధ్య ఉంది. కాబట్టి 2 రోజులు విశ్రాంతి. మంగళవారం, బుధవారం విసరవద్దు. మళ్ళీ గురువారం విసరవచ్చు. విశ్రాంతి రోజున పరుగెత్తవచ్చు. గుంజీలు తీయవచ్చు. చేతికే సెలవు.

పుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి. తేదీ. ఎన్నిసార్లు. నొప్పి ఉందా. మళ్ళీ ఏ రోజు విసరాలి. రోజుకు ఒక్క వరుస రాస్తే చాలు.

ఇంకో మాట. ఏడాదిలో 4 నెలలు విసరడం మానాలి. అందులో 2, 3 నెలలు వరుసగా మానాలి. భూమిని కూడా ఒక కారు బీడు పెడతాం కదా. చెయ్యి కూడా అంతే.

ఏ నొప్పి మామూలు? ఏ నొప్పి ప్రమాదం?

కొత్తగా కసరత్తు చేస్తే తొడలు, కండలు పట్టేసినట్టు ఉంటాయి. నాట్లేసిన మర్నాడు మన నడుము పట్టేసినట్టే. రెండు మూడు రోజుల్లో పోతుంది. ఇది మామూలు నొప్పి.

ఇవి ప్రమాదం నొప్పులు:

- మోచేతి లోపలి పక్క ఎముక మీద నొప్పి
- భుజం కీలు లోపల నొప్పి
- విసిరేటప్పుడే పొడిచినట్టు అనిపించడం
- చెయ్యి పూర్తిగా చాపలేకపోవడం, వేళ్ళు తిమ్మిరెక్కడం
- రాత్రి పడుకున్నా నొప్పి తగ్గకపోవడం

పిల్లల ఎముకల చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి. అక్కడే ఎముక పెరుగుతుంది. పదేపదే లాగితే అక్కడ దెబ్బ తింటుంది. అందుకే పిల్లలకు పెద్దవాళ్ళ లెక్క పనికిరాదు.

అమెరికాలో టామీ జాన్ అనే పిచ్చర్ ఉండేవాడు. 1974లో ఆయన మోచేతి లోపలి నరం లాంటి కట్టు తెగింది. ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు రెండో చేతి నుంచి ఒక నరం లాంటి తాడు తీసి అక్కడ కట్టాడు. ఏడాదికి పైగా ఆట లేదు. మళ్ళీ వచ్చి 1989 దాకా ఆడాడు. ఆ ఆపరేషనుకు ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు కుర్రవాళ్ళకు కూడా ఆ ఆపరేషను చేయవలసి వస్తోంది. చిన్నప్పుడు మితిమీరి విసరడం ఒక కారణమని డాక్టర్లు చెబుతున్నారు.

ప్రమాదం నొప్పి వస్తే ఆ రోజే ఆట ఆపాలి. నొప్పి బిళ్ళ మింగించి ఆటకు పంపరాదు. జిందా తిలిస్మాత్ రాసి "పోతదిలే" అనుకోరాదు. చెయ్యి లాగించి కట్టు కట్టించరాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించాలి. మీరు రాసిన పుస్తకం వెంట తీసుకుపోండి. ఏ రోజు ఎన్నిసార్లు విసిరిందో డాక్టరు చూస్తే జబ్బు మూలం తొందరగా దొరుకుతుంది.

బిడ్డలు నొప్పి దాచిపెడతారు. "చెబితే అమ్మ ఆట మాన్పిస్తది" అని భయం. కాబట్టి ముందే చెప్పండి: "నొప్పి ఉందని చెప్పు బిడ్డా. నాలుగు రోజులు ఆపుదాం. మళ్ళ ఆడుదువు." ఈ ఒక్క మాట వింటే బిడ్డ దాచదు.

తిండి, నిద్ర, ఇంటి పని

కసరత్తు చేస్తే కండ పెరగదు. కసరత్తు చేసి, తిని, నిద్రపోతే పెరుగుతుంది.

పప్పు, గుడ్డు, పాలు, పల్లీలు కండకు మంచివి. ఆకుకూరలు, జొన్నరొట్టె, నువ్వులు, రాగులు కూడా ఉండాలి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే చాయ్ తాగితే ఇనుము పట్టదు. మన ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తం తక్కువ. రక్తం తక్కువైతే నాలుగు అడుగులు పరుగెత్తినా ఆయాసం వస్తుంది. బడిలో వారానికి ఒకసారి ఇచ్చే ఇనుము బిళ్ళ బిడ్డ మింగుతున్నదో లేదో అడగండి.

ఇంట్లో ఒక గుడ్డు ఉంటే ఎవరికి పెడుతున్నాం? కొడుక్కేనా? ఆడే బిడ్డకు కూడా ఆకలి ఉంటుంది.

రాత్రి 8 గంటల నిద్ర తప్పదు.

మనలో చాలామంది పొద్దుగాల కూలికి పోతాం. కొందరు బోరపట్ల వైపు కంపెనీలలో షిఫ్టుకు పోతారు. ఇంటి పని బిడ్డ మీద పడుతుంది. నీళ్ళ బిందెలు, బట్టలు, ఆదివారం పత్తి ఏరడం. ఇవన్నీ కూడా ఆ చేతితోనే. 40 సార్లు బంతి విసిరి వచ్చిన బిడ్డకు ఆ సాయంత్రం బిందె మోసే పని పెట్టకండి. ఆ పని అన్నకో తమ్మునికో చెప్పండి. చేతికి ఇచ్చే విశ్రాంతి అంటే ఇది కూడా.

అక్కలు అడిగే ప్రశ్నలు

*"ముట్టు రోజులల్ల ఆడొచ్చా?"*
ఆడవచ్చు. బిడ్డకు ఓపిక ఉంటే ఆడవచ్చు. కడుపునొప్పి ఎక్కువుంటే ఆ రోజు ఆపవచ్చు. అది బిడ్డ ఇష్టం.

*"చేతులు మగవాళ్ళ లెక్క అయితయా?"*
కావు. బలం వస్తుంది. చెయ్యి మొద్దుబారదు. రోజూ బిందెలు మోసే మన చేతులు ఎట్ల ఉన్నాయో అట్లనే ఉంటాయి.

*"ఆటతోని బతుకు గడుస్తదా?"*
అందరికీ గడవదు. కొందరికే గడుస్తుంది. అందుకే చదువు ఆపవద్దు. కాని ఒళ్ళు గట్టిపడుతుంది. నలుగురిలో నిలబడి మాట్లాడే ధైర్యం వస్తుంది. ఊరు దాటి పోయి, ఆడి, తిరిగి వచ్చిన బిడ్డకు ఆ ధైర్యం ఎవరూ ఇవ్వక్కర లేదు.

*"నాకు ఆట తెల్వది. నేనేం చేయాలె?"*
ఆట తెలియనక్కర లేదు. లెక్క రాయండి. కడుపు నిండా పెట్టండి. నొప్పి ఉందా అని రోజూ అడగండి. మిగతాది ఆటల సారు చూసుకుంటాడు.

కొత్త మాటలు

పిచ్చర్ - బేస్‌బాల్‌లో బంతి విసిరే మనిషి
కండరం - ఒంట్లో బలం ఇచ్చే కండ
కీలు - రెండు ఎముకలు కలిసే చోటు
గరిష్ఠం - అంతకు మించి పోకూడనిది
విశ్రాంతి - పని ఆపి ఒంటికి ఇచ్చే సెలవు

చెప్పండి

1. విసిరే బలం ఒంట్లో ఎక్కడ మొదలవుతుంది?
2. భుజానికి బ్రేకు ఎందుకు కావాలి?
3. ఇసుక మూటను ఎన్ని చేతులతో విసరాలి? ఎందుకు?
4. ప్రమాదం నొప్పులు మూడు చెప్పండి.

లెక్క చేయండి

12 ఏళ్ళ బిడ్డ శుక్రవారం 9 సార్లు, 11 సార్లు, 8 సార్లు విసిరింది. మొత్తం ఎన్ని? ఎన్ని రోజులు విశ్రాంతి? మళ్ళీ ఏ రోజు విసరవచ్చు?

రాయండి

మీ పుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి. పైన మీ బిడ్డ పేరు రాయండి. కింద ఈ రోజు తేదీ రాయండి. సాయంత్రం బిడ్డ బడి నుంచి రాగానే అడిగి, మొదటి వరుస నింపండి.